ఆటల గంటను గుఱించి యొక మనవి

చలికాలము ప్రవేశించి పరీక్షలు దగ్గఱపడినతోడనే మన ఉన్నత పాఠశాలలలో పదవ తరగతి కాలపట్టికనుండి ఒక గంట నిశ్శబ్దముగా మాయమగుచుండును. అది గణితపు గంట కాదు, ఆంగ్లపు గంట కాదు, ఆటల గంట. దాని నెవరు తీసికొనిరని అడుగువారు లేరు. విద్యార్థి యడుగలేడు, తల్లిదండ్రులు సంతోషింతురు, డ్రిల్లు మాస్టరుగారు మైదానమున ఒంటరిగా నిలిచి బంతులను లెక్కించుకొనుచుందురు. అట్లు తీసికొనినవారిలో నేను నొకడను. సామాన్యశాస్త్రోపాధ్యాయుడనై యిరువది యేండ్లకు పైగా పనిచేసితిని. ఒక యేడు మానవశరీరమునందు ఇన్సులిన్ చేయు కార్యమును బోధించుటకే పిల్లలను మైదానమునుండి పిలిపించి, తరగతిగదిలో కూర్చుండబెట్టితిని. అందలి విపరీతము నాకప్పుడు తోచలేదు. ఇప్పుడు తోచినది గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

అది తోచిన విధమెట్టిదనగా, నలువది తొమ్మిదవ యేట నాకు దప్పిక యెక్కువయ్యెను. రాత్రులు పలుమాఱులు లేవవలసివచ్చుచుండెను. వైద్యుడు నా రక్తమును పరగడుపున రెండుమాఱులు పరీక్షించెను. మొదటిసారి నూరు మిల్లీలీటర్లకు 148 మిల్లీగ్రాముల చక్కెరయు, రెండవసారి దాదాపుగా అంతయు కనబడెను. ఆ సంఖ్య 126 గాని అంతకు మించి గాని యున్నచో మధుమేహమని వైద్యశాస్త్ర నిర్ణయము. ఆయన యొక మాత్ర వ్రాసి, కాగితము అడుగున 'దినమునకు అరగంట నడక' యనియు వ్రాసెను. మాత్రను కొంటిని. నడకను అమ్ము దుకాణము లేదు గనుక దానిని మానితిని. మూడు మాసముల పిమ్మట ఆయన నన్ను మందలించి, 'అయ్యా, తాము ఈ పాఠమును పిల్లలకు చెప్పుదురు గదా!' యనెను. ఆ మాటకు నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. నాటినుండి ప్రతి ప్రాతఃకాలమున భద్రకాళి చెఱువు గట్టున నడచుచున్నాను. నడచుచు ఆలోచించినదే యీ వ్యాసము.

నా అభిప్రాయమును ముందుగానే చెప్పివేయుదును. ఆటల గంట వినోదమునకై యిచ్చిన దానము కాదు. శరీరములోని చక్కెరను పాలించుటకు ప్రకృతి రెండు మార్గముల నేర్పఱచినది. అం దొకటి ఇన్సులిన్, రెండవది కండరముల శ్రమ. రెండవదానిని బాల్యముననే మూసివైచి, మొదటిదానిపై సమస్త భారమును మోపుట న్యాయము కాదు.

ఈ మాట నిజమో కాదో విచారింతము. ఆరోగ్యవంతుడైన పెద్దవాని రక్తములో ఒక్కొక్క సమయమున నుండు గ్లూకోజు సుమారు 5 గ్రాములు మాత్రమే. అనగా ఒక చిన్న చెంచాడు. మన మెదడు ఒక్కటియే దినమునకు దాదాపు 120 గ్రాముల గ్లూకోజును వాడుకొనును. ఒక పూట భోజనములో పిండిపదార్థముల మూలమున అంతకు తక్కువగాని చక్కెర రక్తములోనికి వచ్చి చేరవచ్చును. అట్లుండియు ఆ చెంచాడు చక్కెర చెంచాడుగనే నిలిచియుండుట యెంతటి యాశ్చర్యము! అన్నము తిన్న తరువాత వచ్చిన మిగులును దాచవలెను. ఉపవాసమున దాచినదానిని వెలికి తీయవలెను. ఈ జమాఖర్చునే జీవక్రియలలో ప్రధానమైన భాగముగా శాస్త్రజ్ఞులు చెప్పుదురు. దాచుకొను కొట్లు ముఖ్యముగా రెండు. కాలేయమునందు సుమారు 100 గ్రాములును, శరీరమునందలి కండరములన్నింట కలిపి సుమారు 400 గ్రాములును గ్లైకోజెన్ రూపమున నిలువయుండును. కనుక పెద్ద కొట్టు కండరమే యని విద్యార్థులు గుర్తింపవలెను.

ఈ కొట్ల వ్యవహారమును నడపు ముఖ్యోద్యోగి ఇన్సులిన్. ఉదరములో జీర్ణకోశమునకు వెనుక నున్న క్లోమమునందు చిన్న చిన్న దీవులవంటి కణసమూహములు కలవు. వానిని 1869వ సంవత్సరమున లాంగర్‌హాన్స్ అను జర్మను విద్యార్థి మొదట వర్ణించెను. 1889లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనువారు ఒక కుక్క క్లోమమును తొలగింపగా దానికి మధుమేహము కలిగెను. అటుపిమ్మట ముప్పది రెండేండ్లకు, అనగా 1921లో, కెనడా దేశపు టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు మక్లియాడ్ ప్రయోగశాలలో ఆ దీవుల సారమును తీయగలిగిరి. కాలిప్ దానిని శుద్ధిచేసెను. 1922 జనవరి 11వ తేదీన పదునాలుగేండ్ల బాలుడు లియొనార్డ్ థామ్సన్‌కు మొదటి సూది వేయబడెను. అంతకు పూర్వము ఆ వ్యాధి వచ్చిన పిల్లలు ఆకలితో మాడి కొద్దికాలముననే కన్నుమూయుచుండిరి. నేడు మన తరగతులలో మీ ప్రక్కన కూర్చుండి పాఠము వినుచున్న కొందఱు పిల్లలు ఆ సూది మహిమవలననే జీవించుచున్నారు. కాబట్టి ఇన్సులిన్‌ను తక్కువచేసి మాటలాడుట నా యుద్దేశము కాదు.

ఆ ఉద్యోగి చేయు పని యెట్టిదో చూతము. ఓరుగల్లు కోటను చూడని విద్యార్థి మనలో నుండడు. నాలుగు దిక్కుల ద్వారములున్న ఆ కోటలో, ద్వారములు మూసియున్నయెడల ధాన్యపు బండ్లు వెలుపలనే నిలిచిపోవును, లోపలివారు పస్తుందురు. కండరకణమును అట్టి కోటయే. రక్తములో చక్కెర యెంత యున్నను ద్వారము లేనిదే లోపలికి పోజాలదు. అయితే కణకోటకు ఒక విశేషము కలదు. దాని ద్వారములు గోడలో స్థిరముగా నుండవు, లోపల దాచబడియుండును. వానిని శాస్త్రజ్ఞులు గ్లూట్-4 అని పిలుతురు. భోజనానంతరము క్లోమము పంపిన ఇన్సులిన్ కణమును చేరి సంజ్ఞ చేయగా, ఆ ద్వారములు గోడయొద్దకు వచ్చి అమరును. చక్కెర లోపల ప్రవేశించును. మధుమేహములో మొదటి రకమునందు సంజ్ఞ చేయువాడే లేడు; ఇన్సులిన్ పుట్టించు కణములు నశించినవి. రెండవ రకమునందు ఇన్సులిన్ ఉండియు దాని కేక కణమునకు సరిగా వినబడదు. అందుచేత క్లోమము ఇంకను ఇంకను బిగ్గఱగా కేకవేసి, తుదకు అలసిపోవును.

ఇచ్చట వ్యాయామము యొక్క ఘనత కనబడుచున్నది. కండరము పనిచేయునపుడు, ఇన్సులిన్ కేకకై వేచియుండక, తానే లోపలినుండి ద్వారములను గోడకు రప్పించుకొనును. ఇది వేఱు మార్గము, వేఱు సంజ్ఞ. రెండవ రకపు మధుమేహమున్నవారిలో ఇన్సులిన్ సంజ్ఞ మందగించినను, ఈ శ్రమసంజ్ఞ చాలవఱకు చెడక నిలిచియుండును. అంతేకాదు, శ్రమ ముగిసిన తరువాతను ఒకటి రెండు దినములవఱకు కణము ఇన్సులిన్ మాటను మునుపటికంటె బాగుగా ఆలకించును. ఖాళీయైన గ్లైకోజెన్ కొట్టు నిండవలెను గదా! అందుచేతనే ఆదివారమునాడు ఒక్కసారి అలసిపోవునట్లు పరుగెత్తి, వారమంతయు కూర్చుండుటకంటె, దినము విడిచి దినమైనను శ్రమించుట మేలు.

ఈ శ్రమసంజ్ఞ రహస్యమునందు మన తెలుగువాని కృషియు కలదని పిల్లలకు తెలియవలెను. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివి, 1922లో, అనగా లియొనార్డ్ థామ్సన్‌కు సూది వేసిన సంవత్సరముననే, అమెరికాలోని బోస్టన్ చేరిరి. బ్రతుకుదెరువునకై ఆసుపత్రిలో రాత్రిపూట సేవకుని పని చేయుచు, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కెతో కలిసి పరిశోధించిరి. రక్తమునందును మూత్రమునందును ఫాస్ఫరసును కొలుచు వారి పద్ధతి 1925లో వెలువడెను. కండరము ముడుచుకొనుటకు శక్తి లాక్టిక్ ఆమ్లము పుట్టుటవలన కలుగునని ఆనాటి మహావిద్వాంసుల మతము; దానికి సంబంధించిన పరిశోధనలకే హిల్, మేయర్‌హాఫ్ అనువారికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను. ఫిస్కెయు సుబ్బారావుగారును 1927లో కండరమునందు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొని, అది శ్రమలో తఱిగి విశ్రాంతిలో మరల నిండునని చూపిరి. 1929లో ఎ.టి.పి. అను శక్తిపదార్థమును వేఱుచేసిరి. అదే యేడు జర్మనీలో లోమన్ అను పండితుడును ప్రత్యేకముగా దానిని కనుగొనెను. కండరమునకు చేతిలోని నగదు ఈ ఎ.టి.పి.యే యని నేడు సర్వసమ్మతము.

ఈ నగదు కొద్ది సెకన్ల పనికి మాత్రమే సరిపోవును. అది ఖర్చగుచుండగా ఎ.ఎమ్.పి. అను చిల్లర మిగులును. చిల్లర పెరుగుటను కనిపెట్టు నొక కావలివాడు, ఎ.ఎమ్.పి. కైనేజు అను ఎంజైము, కణములో మేల్కొని, 'నిలువలు తఱుగుచున్నవి, చక్కెరను లోనికి రానిండు' అని వర్తమానము పంపును. ద్వారములను పిలుచు సంజ్ఞ ఇది యొక్కటియే కాదు. కండరము ముడుచుకొనునపుడు వెలువడు కాల్షియము మొదలగునవియు తోడ్పడును. నేను మ్రింగు మెట్‌ఫార్మిన్ మాత్ర చేయు పనులలో నొకటి ఈ కావలివానిని తట్టి లేపుటయే యని చదివినపుడు నాకు నవ్వు వచ్చెను. మైదానమున ఉచితముగా మేల్కొనువానిని మేము పిల్లతనమున నిద్రపుచ్చి, పెద్దతనమున డబ్బిచ్చి లేపుచున్నాము.

ఇది ప్రయోగశాల మాట మాత్రమే యని యెవరైన ననవచ్చును. కాదు. తాను స్వయముగా మధుమేహరోగియై ఇన్సులిన్‌వలన బ్రదికిన లండను వైద్యుడు ఆర్. డి. లారెన్సు, సూది వేసికొని శ్రమించినచో చక్కెర మఱింత తగ్గునని 1926లోనే ప్రకటించెను. బోస్టన్ వైద్యుడు జాస్లిన్ మధుమేహచికిత్సను పథ్యము, ఇన్సులిన్, వ్యాయామము అను మూడు గుఱ్ఱముల రథముతో పోల్చెను. అంతకు బహుపూర్వమే సుశ్రుత సంహిత ప్రమేహరోగికి వ్యాయామమును, నూరు యోజనముల నడకను, బావి త్రవ్వుటను విధించినది. మన కాలమున చెన్నపట్టణములో రామచంద్రన్‌గారు మొదలగు వైద్యులు, చక్కెర హద్దుమీఱుచు ఇంకను వ్యాధిగా పరిణమింపని 531 మందిని మూడేండ్లు పరిశీలించి 2006లో ఫలితములను ప్రకటించిరి. ఆహారమును సవరించుకొని నడక సాగించినవారికి, సాధారణ సలహా మాత్రము పొందినవారికంటె వ్యాధి సోకు సంభవము 28.5 శాతము తగ్గెను. మెట్‌ఫార్మిన్ మాత్ర పుచ్చుకొనినవారికి 26.4 శాతము తగ్గెను. రెండును కలిపినను అదనపు లాభము కనబడలేదు. ఆ రెండింటి బలము ఇంచుమించు సమానమని తేలినది.

'మా పిల్లవాడు సన్నగా నున్నాడు, వానికి ఈ భయమేల?' యని తల్లిదండ్రులు అందురు. పూనా నగరపు వైద్యుడు యాజ్ఞిక్, ఆయన మిత్రుడైన లండను వైద్యుడు యుడ్కిన్, తమ ఫోటోలను ప్రక్కప్రక్కన నుంచి 2004లో ఒక చిన్న వ్యాసమును ప్రకటించిరి. ఎత్తునకు తగిన బరువును కొలుచు సంఖ్య యిరువురకును 22.3. కాని శరీరమునందలి క్రొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతము, యాజ్ఞిక్‌కు 21.2 శాతము. సన్నని దేహములోను క్రొవ్వు దాగియుండవచ్చును, కండరము కొఱవడియుండవచ్చును. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో దేశమంతట జరిగిన సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. దాని ప్రకారము మనదేశమున మధుమేహమున్నవారు 10 కోట్ల 10 లక్షలు. దాని గడపయొద్ద నిలిచినవారు 13 కోట్ల 60 లక్షలు. వారందఱును ఒకప్పుడు పాఠశాలకు పోయి, లేదా పోవలసియుండి, పెరిగిన పిల్లలే.

పరీక్షల సంగతి యేమని ప్రధానోపాధ్యాయులు ప్రశ్నింతురు. అది ధర్మమైన ప్రశ్న. మార్కులవలననే పేదవాని బిడ్డకు కళాశాల ద్వారము తెఱచుకొనును. నేనును అట్లు చదువుకొనినవాడనే. కాని, నేను అపహరించిన ఆటల గంటలలో బోధించినది పిల్లల తలకెక్కినదా యని నన్ను నేను ప్రశ్నించుకొనగా, లేదనియే చెప్పవలసియున్నది. సాయంకాలపు నాలుగు గంటలకు, ఉదయమునుండి బల్లమీద కూర్చున్న బాలుని కన్నులు పుస్తకముపై నుండును గాని మనస్సు కిటికీయొద్ద నుండును. పిల్లలకు సగటున దినమునకు 60 నిమిషముల శ్రమ కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన మిచ్చునది వారమునకు రెండు మూడు గంటలు; అందును కోత!

బాలికల విషయమై వేఱుగా చెప్పవలసియున్నది. ఏడవ తరగతివఱకు ఖో-ఖో ఆడిన బాలిక ఎనిమిదవ తరగతిలో చెట్టునీడకు చేరుచున్నది; తొమ్మిదవ తరగతిలో ఆటల గంటయందు రికార్డులు వ్రాయుచున్నది. బతుకమ్మ పండుగ తొమ్మిది దినములు గంటలకొలది వలయముగా తిరుగుచు, వంగుచు లేచుచు చప్పట్లు చఱచు మన తల్లులకు అలసట లేదు గదా! ఆ శక్తి వారి కుమార్తెలకు మిగిలిన మూడువందల యేబది దినములును పనికిరాదా? తల్లి కాబోవు స్త్రీకి గర్భకాలమున చక్కెర హద్దుమీఱుట నేడు అరుదు కాదు. దానివలన పుట్టబోవు శిశువునకును హాని. కాబట్టి బాలికల ఆట రెండు తరముల ఆరోగ్యమునకు సంబంధించిన విషయము.

ఇక నొక ముఖ్యమైన హెచ్చరిక. వ్యాయామమును పొగడుచు నేను వ్రాసిన దానిని తప్పుగా గ్రహించి, ఇన్సులిన్ సూదిపై ఆధారపడిన బిడ్డకు దానిని మాన్పించువారుండిన, అది ప్రాణాపాయము. మొదటి రకపు మధుమేహమునకు ఆట గాని, ఆకు గాని, వేరు గాని ఇన్సులిన్‌కు బదులు కాజాలదు. ఆరోగ్యవంతుని శరీరము ఆటవేళ తన ఇన్సులిన్‌ను తానే తగ్గించుకొనును. సూదిద్వారా లోనికి పోయిన ఇన్సులిన్ అట్లు తగ్గదు. అప్పుడు రెండు ద్వారములును ఒకేసారి తెఱచుకొని రక్తములో చక్కెర మితిమీఱి పడిపోవచ్చును. చెమట, వణకు, తడబాటు, అకారణ కోపము దాని లక్షణములు. తెలివియుండి మ్రింగగలిగినచో వెంటనే గ్లూకోజుగాని చక్కెరనీళ్లుగాని ఇయ్యవలెను. తెలివి తప్పినచో నోట నేమియు పోయక ఆసుపత్రికి కొనిపోవలెను.

ఈ భయముచేతనే యొక బాలుని ఆటలకు దూరముగా నుంచిన పాఠశాల నొకదానిని నేనెఱుగుదును. తోటివారు కబడ్డీ యాడుచుండ, వాడు వారి చెప్పులకు కావలి కూర్చుండెడివాడు. వానికి కావలసినది కావలిపని కాదు. ఆటకు ముందు చక్కెరను పరీక్షించుట, వైద్యుని సలహా ననుసరించి ఆహారమును సూదిమందును సవరించుకొనుట, మాస్టరుగారి జేబులో నాలుగు గ్లూకోజు బిళ్లలు, విషయము తెలిసిన ఇద్దఱు మిత్రులు, ఇంతమాత్రము చాలును. ఆ చెప్పుల ప్రక్కన కూర్చున్న బాలుని ముఖము నాకింకను జ్ఞాపకమున్నది.

కావున నా మనవులు నాలుగు. మొదటిది, పదవ తరగతివారి ఆటల గంటను ఏ పాఠమునకును, నా పాఠమునకు సహితము, తీసికొనరాదు. రెండవది, బాలికలకు మైదానములో సమానమైన భాగము కావలెను. మూడవది, ఇన్సులిన్ పుచ్చుకొను బిడ్డను ఆటలో చేర్చుకొను విధానమును ఉపాధ్యాయులందఱు నేర్వవలెను. నాలుగవది తల్లిదండ్రులకు. రాత్రి భోజనమైన తరువాత పిల్లలను వెంటబెట్టుకొని వీథిచివఱవఱకైన నడచి రండు. తిన్న వెంటనే నడచిన పదునైదు నిమిషములు, అప్పుడే రక్తములోనికి వచ్చుచున్న చక్కెరకు దారి చూపును.

విద్యార్థులారా, మీ పుస్తకములో ఇన్సులిన్ పాఠమును శ్రద్ధగా చదువుడు. పరీక్షలో ప్రశ్న రావచ్చును. కాని ఆ పాఠమునకు రెండవ భాగము మైదానమున నున్నది. వచ్చు సంవత్సరము చలికాలమున, ఏ యుపాధ్యాయుడైన మిమ్ములను ఆటలనుండి తరగతికి పిలిచినయెడల, వినయముగా ఈ పత్రికను చూపుడు. ఆ యుపాధ్యాయుడను నేనే యైనను సంకోచింపకుడు.